పాత పిన్ను ఫోను మోగిన రోజు

మొన్న మా మేనకోడలు కొత్త ఫోను కొనుక్కుని, ఇంట్లో ఉన్న చార్జర్లలో ఒక్కటీ దానికి పట్టడం లేదని ఇల్లు పీకి పందిరేసింది. కంపెనీవాళ్లని తిట్టింది, అమ్మినవాణ్ణి తిట్టింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ నవ్వుతున్నానని చివరికి నన్నూ తిట్టింది. "నీకేం తెలుసు అత్తా, పడేవాళ్లకి తెలుస్తుంది బాధ" అంది. నాకు తెలియకపోవడమేమిటి తల్లీ! పిన్ను మారిందని నన్ను తిట్టినంతమంది నర్సీపట్నంలో ఇంకెవర్నీ తిట్టి ఉండరు. ఆ తిట్లన్నీ ఎప్పుడో మర్చిపోయాను గానీ, ఆ పిన్ను వల్లే జరిగిన ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. మీలాంటి కుర్రవాళ్ల కోసం అది రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే ముసలావిడ కబుర్లనుకోండి.

తొంభైల్లో నేను ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా ఒక ఎస్టీడీ బూతులో కూర్చునేదాన్ని. సెల్లులు వచ్చి బూతులు మూతపడ్డాక, మా ఓనరు అదే గదికి రంగులు వేయించి, అద్దాల తలుపు పెట్టించి, ఒక ఫోను కంపెనీ సర్వీసు సెంటరు తెచ్చుకున్నాడు. గోడగడియారంతో పాటు నన్నూ అక్కడే ఉంచుకున్నాడు. కౌంటరు దగ్గర కూర్చుని ఫిర్యాదులు వినడం నా పని. లోపలి గదిలో మెకానిక్కు కూర్చునేవాడు. రోజూ కోటవురట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. ఫోను కాలి బొగ్గయినా సరే, "ఏం పర్లేదండి" అనడం అతని అలవాటు. మూడో మనిషి మేనేజరు, ఓనరుగారి బావమరిది. చెడ్డవాడు కాదు. కంపెనీ చెప్పింది వేదం అనుకునేవాడు, అంతే. అలాంటివాళ్లతో పనిచెయ్యడం చెడ్డవాళ్లతో పనిచెయ్యడం కన్నా కష్టం.

మా కంపెనీ ఫోన్లలో సిమ్ము ఉండేది కాదు. నంబరు ఫోను లోపలే ఉండేది. ఫోను మారిస్తే నంబరుని కొత్తదానిలోకి కంపెనీవాళ్లే ఎక్కించాలి. అది కూడా ఎవరి పేరున కనెక్షను ఉందో ఆ మనిషి స్వయంగా వచ్చి సంతకమో వేలిముద్రో వేస్తేనే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతా సాంకేతిక విషయాలు నాకూ తెలియవు, మీకూ అక్కర్లేదు.

అలా ఉండగా కంపెనీ చార్జరు పిన్ను మార్చేసింది. లావుగా గుండ్రంగా ఉండేది పోయి, పల్చగా చీలికలాంటిది వచ్చింది. పాత చార్జర్లు పంపడం ఆపేశారు. అదే కంపెనీ, అదే రంగు, అదే మోత. కన్నం మాత్రం వేరు. ఇక చూడండి నా కౌంటరు! గొలుగొండ రైతు ఒకాయన పాత ఫోనూ కొత్త చార్జరూ రెండు చేతుల్లో పట్టుకుని, "అయితే మొల మారనేదు గానీ మొలతాడు మార్చీసినారన్నమాట" అన్నాడు. యలమంచిలి నుంచి వచ్చిన రిటైరైన మాస్టారు గ్రాంథికంలో తిట్టారు. అవి తిట్లని నాకు ఇంటికెళ్లాక అర్థమైంది. ఇంకొకాయన చార్జరు నా మీదకి విసిరాడు. నేను తిరిగి విసిరాను. ఆ తర్వాత మేమిద్దరం మంచి స్నేహితులమయ్యాం, అది వేరే సంగతి.

బయట బడ్డీల్లో దీనికి ఒక విరుగుడు ఉండేది, క్లిప్పు చార్జరని. ఫోనులోంచి బ్యాటరీ ఊడదీసి, దాన్ని క్లిప్పుకి కరిపించి, గోడకి తగిలిస్తారు. పిన్నుతో పనిలేదు. మా మెకానిక్కు కూడా మేనేజరుకి తెలియకుండా లోపల ఒకటి పెట్టుకున్నాడు. దానితో ఉన్న చిక్కల్లా, బ్యాటరీ గోడ మీద ఉన్నంతసేపూ ఫోను చచ్చి పడుంటుంది. ఎవరికీ అదొక ఇబ్బంది అనిపించలేదు, ఆవిడ వచ్చేదాకా.

ఆవిడ సంత రోజున వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఎండుచేపలు తెచ్చి మన సంతలో అమ్మేది. ఏజెన్సీ నుంచి దిగొచ్చే కొండవాళ్లు కొనుక్కునేవారు. గంప మెట్ల మీద దింపి, తనూ అక్కడే నిలబడిపోయింది. వాసనకి మేనేజరు చేతిరుమాలు తీశాడు. నాకు ఒళ్లు మండి, "లోపలికి రావమ్మా, ఆయన ముక్కు ఆయనే చూసుకుంటాడు" అన్నాను.

కొంగుముడి విప్పి ఫోను తీసింది. పాత పిన్నుది. వోల్టేజీ ఎక్కువొచ్చి చార్జరు కాలిపోయిందిట. తెర మీద బ్యాటరీ బొమ్మలో ఒక్క గీత మిగిలింది.

"బేగి సెయ్యండమ్మగోరూ. ఇది ఆరిపోకూడదు" అంది.

పాత చార్జర్లు రావడం లేదని నేను రోజూ చెప్పే పాఠం చెప్పాను. అందరిలా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫోను చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టుకుంది, గాలికి దీపాన్ని కాసుకున్నట్టు. అప్పుడు చెప్పింది. వాళ్లాయన వేటకి వెళ్లిన పడవ తుపానులో చిక్కుకుంది. ఇద్దరి శవాలు కొట్టుకొచ్చాయి, పడవ చెక్కలు కొన్ని కొట్టుకొచ్చాయి. ఆయన రాలేదు.

"ఎల్లీటప్పుడు సెప్పినాడమ్మా, ఏ గట్టు తగిల్తే ఆ గట్టు కాణ్ణించి ఫోన్ సేత్తానని. ఆయనకి సదువు నేదు. ఈ నంబరొక్కటే పాటనాగ నేర్సుకున్నాడు. ఇంకే నంబరూ ఎరగడు. మాలో మొగోడు ఏటకెల్తే ఇంట్లో దీపం ఆర్పం. నాకు ఇదే దీపం."

పల్లెలో కులపెద్దలు అప్పటికే ఆగినంతకాలం ఆగారు. రాబోయే అమావాస్య దాకా చూసి, ఫోను రాకపోతే గడ్డితో బొమ్మ కట్టి, ఆయన పేరు పెట్టి ఒడ్డున కాల్చేస్తామన్నారు. ఆ మంట ఆరకముందే ఈవిడ గాజులు తియ్యాలి. బొమ్మని కాల్చాక మనిషి తిరిగొచ్చినా వాళ్లలో వాణ్ణి మనిషిగా లెక్కెయ్యరుట.

"ఫోనొస్తే ఆగుతారా?" అన్నాను.

"మోగితే సాలన్నారమ్మా. మోగిందని నలుగురికీ తెలిస్తే సాలు."

నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను. నంబరుని కొత్త పిన్ను ఫోనులోకి ఎక్కించేస్తే ఆవిడ గొడవ తీరిపోతుంది కదా. ఆయన కంప్యూటరులో చూసి, "కనెక్షను వాళ్లాయన పేరున ఉందండి. ఆయన్నే రమ్మనండి" అన్నాడు.

గుమ్మంలోంచి ఆవిడ అంది: "ఆయన్ని రమ్మనడానికే గదా బాబూ, ఫోను గావాలంతన్నాను."

మేనేజరు రుమాలు జేబులో పెట్టేసుకుని, మళ్లీ ఆ రోజు దాన్ని తియ్యలేదు.

మెకానిక్కు ఒక ఉపాయం చెప్పాడు. పాడైపోయిన అదే రకం ఫోను నుంచి ఒక బ్యాటరీ తీసి, దాన్ని క్లిప్పుకి తగిలించి నింపి ఉంచుతాడు. ఆవిడ సంతకి వచ్చినప్పుడల్లా ఖాళీది తీసి నిండుది వేస్తాడు. మళ్లీ సంత దాకా అవసరానికి తప్ప వాడకపోతే లాగుతుంది. బ్యాటరీ మార్చే కాసేపే ఫోను చస్తుంది.

"ఆ కాసేపులో ఆయన సేత్తే?" అంది ఆవిడ.

"ఏం పర్లేదండి" అన్నాడు మెకానిక్కు.

క్లిప్పు మీద బ్యాటరీ నిండాక, ఆ మధ్యాహ్నమే మొదటిసారి మార్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫోను ఆవిడ చేతిలోనే ఉంది, ఇవ్వనంది. మెకానిక్కు వెనక రేకు తీసి పాత బ్యాటరీ ఊడలాగి బల్ల మీద పెట్టాడు. కొత్తది క్లిప్పు నుంచి తియ్యడానికి గోడవైపు తిరిగాడు. ఆవిడ అరచేతిలో ఫోను బోర్లా పడుంది, వెనక బ్యాటరీ ఉండే గుంట బోసిగా కనపడుతూ.

అది మోగింది.

అన్నేళ్లు బూతులో కూర్చున్నదాన్ని. ఎక్కడ మోగినా ఏ ఫోనో పక్కగదిలోంచి చెప్పేదాన్ని. అది ఆవిడ అరచేతిలోంచి వచ్చింది. మెకానిక్కు చెయ్యి గోడ దగ్గరే ఆగిపోయింది. ఆవిడ మాత్రం ఏమీ ఆలోచించలేదు. బ్యాటరీ లేని ఫోనుని చెవికి ఆనించుకుని, "ఆఁ" అంది. మళ్లీ "ఆఁ" అంది. మోత ఆగిపోయింది. ఆవిడ కళ్లు మా ఇద్దర్నీ చూస్తున్నాయి గానీ మేము కనపడుతున్నట్టు లేదు.

"ఏటీ ఇనబడనేదు. గాలి ఏత్తంది" అంది.

తర్వాత చేతిలో ఫోను తిప్పి చూసుకుంది. ఆ బోసి గుంట అప్పుడు చూసింది. ఆవిడ ముఖం ఎలా మారిందో నేను రాయలేను. చాలా మెల్లిగా అడిగింది: "అమ్మగోరూ, సచ్చిన ఫోనులో మాటాడీవోడు బతికున్నోడు కాదు గదమ్మా?"

మెకానిక్కు ఇటు తిరిగి, "అది నా ఫోనండి. జేబులో మోగింది. మీదీ నాదీ ఒకటే మోత" అన్నాడు. జేబు మీద కొట్టి చూపించాడు కూడా. ఆవిడ ఒక్కసారి ఊపిరి వదిలి, అక్కడే నేల మీద కూలబడి, నవ్వుతూ ఏడిచింది. బ్యాటరీ వేయించుకుని, మాకు గంపలోంచి గుప్పెడు ఎండు నెత్తళ్లు ఇచ్చి వెళ్లిపోయింది.

ఊరందరి ఫోన్లూ బాగుచేసే మా మెకానిక్కుకి సొంతానికి ఫోను లేదు. వాళ్లావిడ ఏదైనా చెప్పాలంటే నా కౌంటరు ఫోనుకే చేసేది. ఆ సాయంత్రం అతను తొందరగా బస్సు ఎక్కేశాడు. మర్నాటి నుంచి తన బల్ల బయటికి లాక్కుని, నా కౌంటరు పక్కన వేసుకున్నాడు. లోపల గాలాడడం లేదన్నాడు. నేను సరే అన్నాను. నాకూ ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లాలని లేదు.

తర్వాత సంతలకీ ఆవిడ వచ్చింది. బ్యాటరీ మార్చినప్పుడు మళ్లీ అలాంటిది ఏదీ జరగలేదు. అసలు ఫోను కూడా రాలేదు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఇంకాస్త చిక్కిపోయినట్టు కనపడేది. ఈలోగా జనం గోల భరించలేక కంపెనీ ఒక కొత్త పథకం పెట్టింది. పాత పిన్ను ఫోను ఇచ్చేస్తే కొత్త పిన్ను ఫోను తక్కువకి ఇస్తారు. వచ్చిన పాత ఫోన్లలోంచి బ్యాటరీలు ఊడదీసి ఒక గోనెలో, ఫోన్లు ఇంకో గోనెలో వేసి హైదరాబాదు పంపాలి. జనం తిడుతూనే ఎగబడ్డారు. మా సెంటరు నేల మీద చచ్చిన ఫోన్ల గోనె ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని పక్కనుంచి నడిస్తే లోపల చేపపెంకుల్లా గలగలమనేవి.

అమావాస్య ముందు రోజు ఆవిడ గంప లేకుండా వచ్చింది. ఫోను నా చేతిలో పెట్టింది.

"రేపు తలంటేసి కూకోబెట్టేత్తారమ్మా. ఫోను నా కాడ ఉంచనియ్యరు. మీ కాడ ఉంటే నాకు ధైర్నెం. మోగితే మా ఊరి కిల్లీకొట్టు కాయిన్ బాక్సుకి సెప్పండి. ఆ కొట్టాయన గట్టు మీదకి పరిగెట్టుకెల్లి సెప్తానన్నాడు." ఆ కొట్టు నంబరు నా చేత రెండుసార్లు చెప్పించుకుని విన్నది. "పొద్దు నెత్తి మీదకొచ్చాక అంటించేత్తారు. ఆలోపే" అంది.

మర్నాడు పొద్దున్నుంచీ ఫోనుని కౌంటరు మీద నా ముందే పెట్టుకున్నాను. నిండు బ్యాటరీ. తెర మీద సిగ్నలు గీతలన్నీ ఉన్నాయి. ఆ రోజే ఊరంతా పథకం మీద పడింది. ఎవరికో ఇచ్చిన కొత్త ఫోనుకి కొత్త చార్జరు కూడా పట్టలేదు, అది ఇంకో రకం పిన్నుట. ఆయన కౌంటరు మీద గుద్దుతూ అరుస్తున్నాడు. నేను లేచి లోపల అలమారులో సరైన చార్జరు వెతికి తెచ్చి, ఆయన చేతిలో పెట్టి, నాలుగు మాటలు నేనూ అని, వెనక్కి తిరిగాను. ఫోను లేదు.

"ఇక్కడ పాతది ఒకటి ఉండాలి!" అన్నాను.

"వేసేశానండి" అన్నాడు మేనేజరు, గోనె చూపించి. "బ్యాటరీ తీసే వేశాను." ఆయన తప్పు లేదు. పాత పిన్ను ఫోను కౌంటరు మీద కనపడితే కంపెనీ చెప్పిన పని చేశాడు.

బయట ఎండ నిటారుగా ఉంది. మెకానిక్కు నా ముఖం చూసి సంగతి గ్రహించి, గోనె దగ్గరికి పరిగెత్తాడు. మూతికట్టు విప్పబోతున్నాడు.

గోనె మోగింది.

అడుగునుంచి, ఆ ఫోన్లన్నిటి కిందనుంచి, ఆ మోత. కౌంటరు మీద గుద్దుతున్న పెద్దమనిషి చెయ్యి గాల్లో ఉండిపోయింది. మెకానిక్కు వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. నేనే వంగి గోనెని దిమ్మరించాను. ఫోన్లు నేలంతా దొర్లాయి, అన్నీ ఒకటే రకం, అన్నీ వెనక గుంటలు బోసిగా. చెవిని నమ్ముకుని చేతులు పెట్టి వెతికాను. ఒకటి నా వేళ్ల కింద అదిరింది. తెర నల్లగా ఉంది. పచ్చమీట నొక్కి చెవికి ఆనించుకున్నాను.

గాలి. దాని వెనక ఏదో దూరంగా పడుతూ లేస్తూ. మనిషి గొంతు లేదు. కానీ ఎవరూ లేరని మాత్రం చెప్పలేను. అవతల మనిషి మాట్లాడకుండా పట్టుకున్న లైనుకీ, ఖాళీ లైనుకీ తేడా బూతులో పనిచేసినవాళ్లకి తెలుస్తుంది. "ఎవరు?" అన్నాను. ఆగిపోయింది.

మెకానిక్కు నా వైపు చూస్తున్నాడు. "ఏం చేస్తారండి?" అన్నాడు. ఏం పర్లేదు అనలేదు.

ఆవిడ అడిగిన ప్రశ్న నా చెవిలో ఉంది. చచ్చిన ఫోనులో బతికున్నవాడు మాట్లాడతాడా? నాకు తెలియదు. పెద్దలు అడిగింది మాత్రం తెలుసు. మోగిందా లేదా? మోగింది. మోగినప్పుడు బ్యాటరీ ఉందా అని వాళ్లు అడగలేదు. నేను కౌంటరు ఫోను తీసి కిల్లీకొట్టుకి చేశాను. "మోగింది. నేనే ఎత్తాను. లైను తెగిపోయింది. నలుగురు చూశారు. పరిగెత్తు బాబూ!" అన్నాను. దానికి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా విచారించలేదు.

కొట్టాయన ఫోను పెట్టెయ్యడం మర్చిపోయి పరిగెత్తాడు. రిసీవరు వేలాడుతున్నట్టుంది. నేను వింటూ ఉండిపోయాను. దూరంగా డప్పులు, ఆడవాళ్ల ఏడుపు, సముద్రం. గాలి. ఇందాక చచ్చిన ఫోనులో విన్న గాలి అదే. పడుతూ లేస్తూ వచ్చిన ఆ చప్పుడూ అదే. కాసేపటికి డప్పులు ఆగిపోయాయి. తర్వాత లైను కట్టయింది.

బొమ్మని కాల్చలేదు. మోగింది కాబట్టి ఆగారు. ఆవిడ ఫోను పట్టుకెళ్లడానికి వచ్చినప్పుడు మెకానిక్కు బ్యాటరీ వేసి ఇచ్చాడు. ఏం వినపడిందమ్మా అని అడిగితే, గాలి అన్నాను. ఇంకేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చాలా నెలలు గడిచాక ఒక సంత రోజున ఆవిడ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎముకల గూడులా ఉన్నాడు. అతను మెట్లెక్కుతుంటే, ఆ పల్లె నుంచే వచ్చిన ఇంకో ఎండుచేపల ఆవిడ గంప సర్దుకుని అవతలికి జరిగింది. మోగినప్పుడు ఫోనులో బ్యాటరీ లేదన్న మాట పల్లెదాకా పోయి, బస్సులో కూడా పక్కన ఎవరూ కూర్చోలేదుట. పడవ పగిలాక చెక్క పట్టుకుని కొట్టుకుపోతుంటే, తూర్పున ఎవరిదో పరాయి దేశపు పడవ తీసిందట. అక్కడ జైల్లో పెట్టి, ఇప్పటికి వదిలారు. నంబరు కొత్త పిన్ను ఫోనులోకి మార్పించుకోవడానికి వచ్చారు. మేనేజరు తనే లేచి కుర్చీ వేశాడు.

నేను ఉండబట్టలేక అడిగేశాను: "ఆ అమావాస్య నాడు మధ్యాహ్నం ఎక్కణ్ణించి చేశావు బాబూ?"

అతను తెల్లబోయాడు. "నానా? నాను ఫోన్ సెయ్యనేదమ్మా. జొరం వొచ్చి మంచాన పడున్నాను. నంబరు తల్లోంచి ఎగిరిపోనాది, ఎంత తలుసుకున్నా రానేదు. అక్కడ నాకు ఫోనెవులిత్తారు?"

ఆవిడ ఒక్క అడుగు ముందుకేసి మొగుడి మణికట్టు పట్టుకుంది.

"సేసినావు" అంది.

"నేదే, నాకాడ ఫోనెక్కడిది..."

"సేసినావు. అమ్మగోరు ఎత్తినారు. ఊరందరూ ఆగినారు. నువ్వు జొరంలో మర్సిపోనావు." గొంతు పెంచలేదు. గుమ్మం అవతల నిలబడి వింటున్న ఎండుచేపల ఆవిడకి వినపడేలా మాత్రం అంది. "ఏటని సెప్పడానికి సేసినావో అమ్మగోరికి సెప్పు."

అతను పెళ్లాం ముఖంలోకి చూశాడు. గుమ్మం వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ మోత తనది కాకపోతే మరి ఎవరిదో, అలాగైతే ఊరు తనని బతికున్నవాళ్లలో లెక్కేస్తుందో లేదో అతనికి అప్పుడే తట్టిందనుకుంటాను.

"సేసినానమ్మా" అన్నాడు. "బతికే ఉన్నానని సెప్పడానికే సేసినాను."